ఎడమ చెయ్యి కొత్త పాట

వీధిలో అందరూ ఆయన్ని గిటారు టైలరు అంటారు గానీ, ఆయన గిటారు ముట్టుకున్న పాపాన పోలేదు. ఒక రాక్ బ్యాండు మొదటి ఆల్బమ్ పెట్టుకుని, ఆ డ్రమ్ముల దరువుకు మిషను తొక్కుతాడు, అంతే. మెడలో టేపు కూడా తాళానికే ఊగుతుంది. అదే బ్యాండు రెండో ఆల్బమ్‌లో గిటార్లు పక్కన పెట్టి మెత్తగా పియానో వాయించిందని ఆయనకు ఒళ్లు మంట. కొలతలకొచ్చిన ప్రతివాడి ఛాతీ చుట్టూ టేపు బిగించి, "ఇది రాక్ కాదండీ, జోలపాట!" అంటాడు. చేతులెత్తి నిలబడ్డ మనిషి ఎదురేం చెబుతాడు!

నిన్న, ఆయన పక్కనే కూర్చుని కాజాలు కుట్టే భార్య ఒక చొక్కాను వెలుతురుకేసి పట్టుకుంది. కుడి చేతి కుట్టు వంకరటింకరగా ఉంది. ఎడమ చేతిది గీత గీసినట్టుంది. "ఏమండీ, ఈ కుడి చెయ్యి పాత ఆల్బమ్ పెట్టుకుని కుట్టారు కదూ?" అంది. "అవును, అయితే?" "మరి ఎడమ చెయ్యి ఏ ఆల్బమ్‌కి?" ఆయన గబగబా నాలుగు గుండుసూదులు తీసి పెదాల మధ్య పెట్టుకున్నాడు. నోట్లో సూదులున్న మనిషి మాట్లాడకూడదు కదా. చొక్కా సాయంత్రానికి ఇవ్వాలి, రెండు చేతులూ ఒకేలా ఉండాలి. బ్లేడు అందుకుని, తల ఎత్తకుండా కుట్లు విప్పడం మొదలుపెట్టాడు. కుడి చేతివి.