దొర బొమ్మకు కళ్ళు

నా చిన్నప్పుడు, ధాత నామ సంవత్సరం కరువు నాడు, ఉదయగిరి కొండ కింద మా తాతయ్య కొయ్య గరిటెలు, దేవుడి చెక్క విగ్రహాలు చెక్కేవాడు. కరువులో గరిటె ఎవరు కొంటారు? వండుకోవడానికి గింజ ఉంటే కదా. అమ్మా నాయనా అప్పటికే పోయారు. ఇంట్లో మిగిలింది తాతయ్య, నేను, ఆకలికి ఏడవడం కూడా మానేసిన మా తమ్ముడు.

కరువు పనులకు జనం చేత మట్టి మోయించే తెల్లదొర ఆత్మకూరు దారిలో చెరువు కట్ట పక్కన డేరా వేసుకున్నాడు. తన బొమ్మ చెక్కి ఇస్తే బస్తా బియ్యం ఇస్తానని, తన మాట తెలుగులో చెప్పే దుబాసీ చేత కబురు పెట్టాడు. తాతయ్య ఆశగానే మొదలుపెట్టాడు. టోపీ, బూట్లు, కోటు గుండీలు, చేతిలో బెత్తం, అన్నీ అచ్చం దిగిపోయాయి. కళ్ళు మాత్రం చెక్కలేదు.

బొమ్మకు అన్నిటికంటే ఆఖరున కళ్ళు తెరిపించడం మావాళ్ళ ఆచారం. చెక్కలోకి ప్రాణం అప్పుడే వస్తుందంటారు. దేవుడికి కళ్ళు తెరిపించే రోజు తాతయ్య ఉపవాసం ఉండేవాడు. ఈసారి ఉపవాసానికి ఆచారంతో పని లేకపోయింది, మూడు రోజులుగా ఇంట్లో పొయ్యే రాజలేదు.

దుబాసీ వచ్చి చూసి ముఖం చిట్లించాడు. "కళ్ళేవి, ముసలోడా?"

"మట్టి మోస్తా మోస్తా ఆయన ముందరే ఎంతమంది పడిపోయినారు. ఒక్కరినన్నా చూసినాడా? చూడనోడికి కళ్ళెందుకు?" అన్నాడు తాతయ్య.

"పొద్దుగూకే లోపల పెట్టు. లేకుంటే గింజ రాదు," అని వాడు వెళ్ళిపోయాడు.

తాతయ్య ఉలి పక్కన పెట్టేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎనిమిదేళ్ళ పిల్లను, ఆయన రోషంతో నాకేం పని?

"నీ పంతానికి తమ్ముణ్ణి చంపుతావా తాతా? వాణ్ణి నువ్వన్నా చూసినావా?" అనేశాను.

ఆయన తమ్ముడి వైపు చాలాసేపు చూశాడు. సన్న ఉలి తీసుకుని బొమ్మకు కళ్ళు తెరిపించాడు. ఎంత పనితనమంటే, ఆ దొరకు పుట్టుకతో లేని జాలి బొమ్మ ముఖంలోకి వచ్చింది. దొర మురిసిపోయాడట. బియ్యం వచ్చాయి, తమ్ముడు బతికాడు.

ఆ తర్వాత తాతయ్య దేవుడి పని ముట్టలేదు. అబద్ధం చెక్కిన చెయ్యి అని, చచ్చేదాకా గరిటెలే చెక్కాడు. ఆ బొమ్మ వాళ్ళ దేశంలో ఏ బల్ల మీదో ఉండే ఉంటుంది. చూసినవాళ్ళు ఎంత దయగల దొరో అనుకుంటూ ఉంటారు. అది తలుచుకుంటే ఇప్పటికీ నా కడుపు రగిలిపోతుంది. ఆ బియ్యంతో కాచిన గంజి ఎంత తియ్యగా ఉందో కూడా నేను మరిచిపోలేదు. అందుకే, ఆకలిగా ఉన్నవాడు తల వంచితే ఈనాటికీ నేను తప్పు పట్టను. వాడి చేత తల వంచించినవాణ్ణి మాత్రం క్షమించలేదు, క్షమించకుండానే పోతాను.