టాపెట్ కవరు కింద వెండిరంగు

మదనపల్లెలో మా చర్చి సంఘం నడిపే చిన్న కంటి ఆసుపత్రికి ఒక పాత వ్యాను ఉంది. నెలకొకసారి అది పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం వెళ్లి, కంట్లో శుక్లాలు ముదిరిన వృద్ధులను ఎక్కించుకుని వస్తుంది. ఆపరేషను అయిన తర్వాత వారిని తిరిగి వారి ఊళ్లకు చేరుస్తుంది. నేను ఉద్యోగ జీవితమంతా ఆపరేషన్ థియేటరులో గడిపి, నర్సింగు పర్యవేక్షకురాలిగా విరమించినదానిని. విరమించినా ఆ వ్యానుకు తోడు వెళ్లే బాధ్యతను మాత్రం వదులుకోలేదు. చూపు సరిగా లేనివారిని క్రమంగా ఎక్కించి, క్రమంగా దించడానికి ఒక గట్టి గొంతు అవసరం. అది నాకుంది.

మొన్నటి వేసవిలో ఆ వ్యాను నూనె కారడం మొదలుపెట్టింది. ఇంజను నెత్తిన ఉండే రేకు మూతను మెకానిక్కులు టాపెట్ కవరు అంటారు. దానికీ ఇంజనుకూ నడుమ సన్నని రబ్బరు ప్యాకింగు ఉంటుంది. ఆ ప్యాకింగు సరిగా కూర్చోకపోతే నూనె అంచు వెంట జారి, కింద కాలుతున్న పొగగొట్టం మీద పడుతుంది. మా వ్యానులో ఇంజను డ్రైవరు పక్కనే ఉండడం వల్ల ఆ పొగంతా లోపలికే వచ్చేది. ఒకసారి పుంగనూరు పొలిమేరలో పొగ కమ్మేసరికి, కళ్లకు కట్లున్న ముసలివాళ్లు బండికి నిప్పంటుకుందని బెదిరి, తడుముకుంటూ నడిరోడ్డు మీదికి దిగిపోయారు. అదృష్టం కొద్దీ ఆ సమయానికి ఎదురుగా లారీ రాలేదు.

ఆసుపత్రి మేనేజరు ఆ సాయంత్రమే తన నిర్ణయం చెప్పాడు. ఇంకొక్కసారి పొగ వస్తే కుప్పం ప్రయాణం రద్దు. రోగులు బస్సు పట్టుకుని తామే రావాలి. అతని మాటలో తప్పు లేదు. కానీ చూపు ఆనని మనిషి కుప్పం నుండి మదనపల్లెకు బస్సులు మారి రాలేడు. రాలేక ఇంట్లోనే కూర్చుంటాడు. కూర్చున్నచోటే చీకటి పూర్తవుతుంది. అది నేను ఒప్పుకోదలచుకోలేదు.

పుంగనూరు మెకానిక్కు అప్పటికే ప్యాకింగు మార్చాడు, మార్చినదాన్ని మళ్లీ మార్చాడు. మార్చినప్పుడల్లా సందులు మూసే పేస్టు దండిగా పూసి, బోల్టులను బలం కొద్దీ బిగించేవాడు. కొద్దిరోజులు ఆగేది, మళ్లీ కారేది. మా డ్రైవరుకు ఇది అంతుబట్టలేదు. బిగించేకొద్దీ ఎక్కువ కారుతోందని తల పట్టుకునేవాడు. ఆ మాటే నాకు దారి చూపింది. ఎక్కువ బిగించిన కుట్టు గాయాన్ని మూయదు, అంచులను చంపుతుంది.

తరువాతి ప్రయాణానికి ఒకరోజు ముందుగానే ఖాళీ వ్యానుతో బయలుదేరి, పుంగనూరు షెడ్డులో ఆపించాను. బండితో వచ్చిన ఇంగ్లీషు పుస్తకాన్ని అంతకుముందే ఆసాంతం చదివి ఉన్నాను. ఇంజను చల్లారేదాకా ఎవరూ ముట్టకూడదన్నాను. చల్లారిన తర్వాత చుట్టూ ఉన్న దుమ్మును తుడిపించి, ఉతికిన గుడ్డలు పరిపించి, అప్పుడు మూత విప్పనిచ్చాను. మెకానిక్కు తన పక్కషెడ్డువాడి వైపు తిరిగి, నాకు వినబడేటట్టే అన్నాడు.

"సిస్టరమ్మ ఇంజనుకు ఆపరేషను చేస్తాండాది సూడప్పా. మత్తుమందు ఎవురిస్తారో."

"నోరు ఎక్కువ ఆడేవాళ్లకు ముందు ఇస్తాం" అన్నాను. పక్కషెడ్డువాడు నవ్వాడు. మెకానిక్కు పని మొదలుపెట్టాడు.

పాత ప్యాకింగు ముక్కలు ముక్కలుగా ఊడింది. స్క్రూడ్రైవరుతో గీకితే అంచు గాడిపడుతుందని, చెక్క పుల్లతో తీయించాను. అంతా తీసిన తర్వాత ప్యాకింగు కూర్చునే అంచు మీద వేలు పెట్టి నడిపాను. వేలికి వెండిరంగు పొలుసులు అంటుకున్నాయి.

నేను డ్రైవరు వైపు చూశాను. మా సంఘంలో క్రిస్మసుకు ముందు కుంచె పట్టని మనిషి ఉండడు. గేటు, బెంచీలు, పూలకుండీలు, రోగుల మంచాలు, అన్నింటికీ రంగు పడాలి. కిందటి పండుగకు మిగిలిన వెండిరంగును డ్రైవరు భక్తిగా ఇంజనుకు వేశాడు. పైపైన వేస్తే మనసొప్పక, మూత విప్పి మరీ లోపలి అంచుకు కూడా పట్టించాడు. కాగిన నూనెకు ఆ రంగు మెత్తబడి, ముడతలు పడి, ప్యాకింగును ఎన్నడూ కుదురుగా కూర్చోనివ్వలేదు.

"పండగపూట సగం పని యాల అనుకున్న్యా సిస్టరమ్మా" అన్నాడు, నేల చూస్తూ.

"దేవుడు ఇంజను లోపల రంగు అడగలేదప్పా. థిన్నరు తీసుకురా" అన్నాను.

రంగంతా పోయి రేకు మెరిసింది. అయినా నాకు తృప్తి కలగలేదు. మూతను ఒక పాత కారు అద్దం మీద బోర్లించమన్నాను. బోల్టు రంధ్రాల దగ్గర అంచు కిందికి కుంగి, మధ్య మధ్యలో వెలుతురు కనబడింది. మెకానిక్కు వంగి చూసి, బిగించి బిగించి తానే వంచినట్టు ఒప్పుకున్నాడు. ఆ తర్వాత అతడు హాస్యమాడలేదు. చెక్కదిమ్మె మీద అంచును పెట్టి, చిన్న సుత్తితో తట్టి, అద్దం మీద బోర్లిస్తే వెలుతురు కనబడనంతదాకా సరిచేశాడు. ఆ చేతి నేర్పు నాకు లేదు. ఇంజను గాలి బయటికి పోయే గొట్టం జిడ్డుతో పూడి ఉండడాన్ని కనిపెట్టి శుభ్రం చేసినది కూడా అతడే. లోపలి ఒత్తిడికి దారి లేకపోతే ఎంత మంచి ప్యాకింగైనా నూనెను ఆపలేదు.

కొత్త ప్యాకింగును పొడిగా తుడిచిన అంచు మీద, మెలిక పడకుండా కూర్చోబెట్టాము. పేస్టు మూలల్లో చుక్కంత మాత్రమే. బోల్టులన్నింటినీ మొదట వేళ్లతో తిప్పించి, తర్వాత నడిమి నుండి చివరలకు, ఒకదాని తర్వాత దాని ఎదుటిదాన్ని, కొంచెం కొంచెంగా, మళ్లీ మళ్లీ తిరిగి వస్తూ బిగింపజేశాను. పుస్తకం చెప్పిన బిగింపు రాగానే, ఆ కొలతకు అమర్చిన రెంచి టిక్కుమంది. మెకానిక్కు చెయ్యి మాత్రం ఆగలేదు.

"ఇంతేనా? నా చెయ్యి ఒప్పుకోలేదమ్మా."

"నీ చేతిని అడగలేదప్పా. రెంచినడుగు."

ఆగాడు.

బయలుదేరే ముందు నా సంచిలోని పౌడరు డబ్బా తీసి, మూత చుట్టూ తెల్లగా చల్లాను. నూనె చెమ్మ తగిలితే తెలుపు వెంటనే నల్లబడుతుంది. పలమనేరు దాటి బైరెడ్డిపల్లెలో ఆపి చూశాము. తెల్లగానే ఉంది. కుప్పంలో చూశాము. తెల్లగానే ఉంది. డ్రైవరు ఆ పూట భోజనం మారు వడ్డించుకున్నాడు.

మరునాడు పొద్దున కుప్పం చర్చి వాకిట్లో రోగులు సిద్ధంగా ఉన్నారు. వాళ్లలో రెండో కంటి ఆపరేషనుకు వచ్చిన అవ్వ, ఆనాడు రోడ్డు మీదికి దిగిపోయినవాళ్లలో ఒకతె, తలుపు పట్టుకుని కదలలేదు. కన్ను సరిగా ఆనదు కాబట్టి ముక్కునే నమ్ముకుంది. లోపలికి తల పెట్టి, గట్టిగా వాసన పీల్చింది.

"నూన్నె వాసన లేదే. ఎక్కండప్పా" అని వెనుకవాళ్లను పిలిచి, తానే ముందుగా ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది.

తిరుగు దారిలో ఎండ మండిపోయింది, ఎత్తు రోడ్లలో ఇంజను బరువుగా మూలిగింది, పొగ మాత్రం రాలేదు. ముసలివాళ్లు నిద్రపోయారు. బండిలో నిద్రపట్టిందంటే భయం పోయిందన్నమాటే. మదనపల్లెలో మేనేజరు గేటు దగ్గరే ఎదురుచూస్తున్నాడు. రోగులందరూ దిగిన తర్వాత ఇంజను మూత ఎత్తించి, టాపెట్ కవరు అంచు వెంట తన చేతిరుమాలుతో ఒక చుట్టు తుడిచాడు. రుమాలుకు పౌడరు తప్ప ఏమీ అంటలేదు. దాన్ని తిప్పి చూసుకుని, మడిచి జేబులో పెట్టుకుని, వచ్చే నెల కుప్పంలో ఎంతమంది ఉంటారని అడిగాడు.

"రెండు వ్యాన్లకు సరిపడా" అని చెప్పి, అవ్వ చెయ్యి పట్టుకుని వార్డులోకి నడిచాను.