స్టీరింగ్ వదలని గోపాలప్ప

గోపాలప్ప కుదురుగా కూర్చోగా నేను ఎప్పుడూ చూడలేదు. టీ తాగేటప్పుడు కూడా గ్లాసును అటూ ఇటూ తిప్పుతూనే ఉంటాడు. చందాపుర దగ్గర మా గోడౌన్‌లో పద్దెనిమిదేళ్లుగా ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతున్నాడు. నేను అక్కడే స్టాకు రాస్తాను. గోపాలప్ప అంతకుముందు కాటన్‌పేట సందుల్లో బట్టల మూటలతో గూడ్స్ ఆటో నడిపినవాడు కాబట్టి ఇరుకు అతనికి కొత్త కాదు. ఒంటిచేత్తో బండిని వెనక్కి తిప్పి, ఎవరైనా చూశారా అని ఓరగా చూసే పొగరు కూడా ఉంది. నాకా పొగరు ఇష్టమే.

కిందటేడు మా యజమాని ఇంకో షెడ్డు అద్దెకు తీసుకోబోయి మానుకుని, ఉన్న షెడ్డులోనే పెట్టెలు పేర్చే రాక్‌లను దగ్గరికి జరిపించాడు. పన్నెండడుగుల దారులు ఆరడుగులయ్యాయి, తొమ్మిది వరసలు పదమూడయ్యాయి. పాత బండి ఆ సందులో తిరగదు. అందుకని, ఉన్నచోటే నిలబడి పక్కకు చెయ్యి చాచి పెట్టెలు పెట్టే సన్నబండి వచ్చింది. దారికి రెండువైపులా నేలమీద ఇనుప పట్టీలు బిగించారు. వాటి మధ్యకు చేరాక బండి తనంతట తానే నేరుగా పోతుంది. డ్రైవరు స్టీరింగ్ వదిలేసి, కుడిచేతి మీటలతో వేగమూ ఎత్తూ చూసుకుంటే చాలు.

గోపాలప్పకు ఆ వదిలేయడమే చేతకాలేదు.

కొత్త బండి నడిపే పరీక్షకు మూడు అవకాశాలు. మూడూ తప్పితే డ్రైవరు సీటు పోతుంది, గేటు దగ్గర పెట్టెలకు ప్లాస్టిక్ చుట్టే పని మిగులుతుంది.

"స్టీరింగ్ టచ్ చేయొద్దన్నా. ట్రక్ స్ట్రెయిట్‌గా అదే పోతుంది" అన్నాడు నేర్పడానికి వచ్చిన హేమంత్‌కుమార్.

"నాకు గొత్తయిందిలేప్పా" అన్నాడు గోపాలప్ప, అర్థమైందన్నట్టు చెయ్యి ఊపుతూ. బండి నాలుగు గజాలు పోయిందో లేదో, ఎడమచేయి స్టీరింగ్ మీదికి వెళ్లింది. బండి పట్టీకి రాసుకుని కీచుమన్న మోత షెడ్డంతా వినబడింది. రెండో అవకాశమూ అలాగే పోయింది.

ఆ వారమంతా అతను గేటు వైపు చూడనేలేదు. భయమా అని అడిగాను.

"భయం కాదప్పా. నేను పట్టుకోకుండానే అది చక్కగా పోతా ఉండాది. దాన్ని చూస్తా ఊరికే కూర్చోలేకుండా ఉండాను."

శనివారం ఆఖరి అవకాశానికి బండెక్కి, ఎడమచేతిని తొడ కింద పెట్టుకుని దాని మీదే కూర్చున్నాడు. ఇంకోరోజైతే పగలబడి నవ్వేవాణ్ణి. బండి చప్పుడు లేకుండా దారి చివరికంటా పోయి, పైవరసలో పెట్టె పెట్టి, అంతే నిదానంగా తిరిగి వచ్చింది.

"సూపరన్నా. పాస్" అన్నాడు హేమంత్‌కుమార్. మేమంతా చప్పట్లు కొట్టాం.

గోపాలప్ప దిగి, తిమ్మిరెక్కిన చేతిని విదిలించుకుంటూ నిలబడ్డాడు. "దారి అదే చూసుకుంటాది. మరి దాంట్లో నేనెందుకప్పా?"

"పెట్టె పైన పెట్టాలి కదన్నా. ప్రెజెంట్‌కి డ్రైవర్ కావాల్సిందే" అన్నాడు హేమంత్‌కుమార్.

"ప్రెజెంట్‌కి" అన్నాడు గోపాలప్ప.

భోజనం గంట కొట్టినా అతను రాలేదు. పిలుద్దామని వెళ్లాను. మధ్యాహ్నం షిఫ్టువాళ్లు ఎక్కించాల్సిన పెట్టెల్ని కొత్త బండితో ఒక్కడే అప్పుడే పైవరసల్లోకి ఎక్కించేస్తున్నాడు. నేను స్టాకు పుస్తకం తెరిచి, అతను పెట్టిన ఒక్కో పెట్టెనూ రాసుకోసాగాను.