ఎండ్రకాయల కట్టకు కంచె వేసినారు

ఆ కట్ట మీద నిలబడి ఫొటో దిగింది మీరే. కట్ట కింద ఇళ్ళున్నాయని తెలీదని మాత్రం చెప్పకండి... మీ భుజం వెనకాలే మా అక్క ఇంటి రేకులు కనబడుతున్నాయి. "పలమనేరు పక్కన ప్రైవేట్ లేక్, ఏం వ్యూ అబ్బా" అని రాసుకున్నదీ, కింద గుండె బొమ్మలు పెట్టిందీ మీరే.

సరే. ఆ లేక్ సంగతి నేను చెప్తా, వినండి.

మా చిన్నప్పుడు... దాన్ని ఎండ్రకాయల కట్ట అనేవాళ్ళం. వంకకు, అంటే వాగుకు, అడ్డంగా వేసిన మట్టికట్ట. సర్కారు చెరువు కాదు, అప్పుడూ సొంత ఆస్తే. ఒక పెద్ద రైతు తన మామిడితోట కోసం వేయించుకున్నాడు. కట్ట కింద, వంక వారగా మా ఇళ్ళు... మాకు మిగిలిన చోటు అదే మరి.

వానలకు ముందు ఆయన దగ్గర్నుంచి కబురొచ్చేది, పిల్లోళ్ళను పంపించమని. మాకు పండగే. ఎండాకాలమంతా ఎండ్రకాయలు తడి వెతుక్కుంటూ కట్టలో బొక్కలు తవ్వుకుని ఉంటాయి. ఇనుపకమ్మీ కొస వంచి లోపలికి దూరిస్తే గట్టిగా పట్టుకుంటుంది... అప్పుడు మెల్లగా లాగాల. తొందరపడితే కాలు ఊడి చేతికొస్తుంది, ఎండ్రకాయ లోపలే కూర్చుంటుంది.

మాయమ్మ చట్టం ఒకటుండేది. ఎండ్రకాయను లాగినోడే ఆ బొక్కలో బంకమట్టి కూరి, మడమతో తొక్కి రావాల. పూడ్చకుండా వచ్చినోడికి పులుసు లేదు. ఆ చట్టానికి పోలీసు మా అక్క రమణమ్మ. ఇంటికి రాగానే వరసగా నిలబెట్టి మడమలు చూసేది. మట్టి అంటకుంటే ఉత్త సంగటిముద్దే, పక్కన ఉప్పు. "నీ పులుసు కట్టలో ఉండాది, పోయి తాగు పో" అనేది.

బంగారు రోజులని నేనేం మురిసిపోవడం లేదు. ఆ పెద్ద రైతు మమ్మల్ని ఇంటి గడప తొక్కనిచ్చినోడు కాదు. ఎండ్రకాయలు తింటామని బడిలో మమ్మల్ని చూసి ముక్కు మూసుకున్నోళ్ళు ఈ పోస్టు చదివేవాళ్ళలోనే ఉన్నారు. కట్ట మీదికి రానిచ్చింది ప్రేమతో కాదు, అవసరంతో. బొక్క పెద్దదైతే కట్ట తెగుతుంది, తోట ఎండుతుంది. అంతే లెక్క. కానీ ఆ అవసరం వల్లనే ఏటా ఆ కట్టను జానెడు జానెడు తడిమి చూసే చేతులు ఉండేవి. నిండినాక మిగులు నీళ్ళు పోయే దారిని మొరవ అంటాం... ఆ మొరవలో ఒక్క రాయి అడ్డం పడినా ఆయన ఊరుకునేవాడు కాదు.

ఆయన పోయినాక కొడుకులు అమ్మేసినారు. కొన్నాయన ఉండేది బెంగుళూరులో. తోటలో గెస్ట్‌హౌస్ లేచింది. కట్ట చుట్టూ కంచె, లోపలికి రాకూడదని బోర్డు. నీళ్ళు ఎప్పుడూ నిండుగా కనబడాలంట, మొరవకు అడ్డంగా సిమెంటు గోడ కట్టించినాడు. పడవ తిరగాల కదా పాపం...

పోయిన వానల్లో తుఫాను పట్టుకుంది. అక్క దొడ్డి దగ్గర, కట్ట బయటివైపు, నీళ్ళు ఊరడం మొదలైంది. తేటగా ఊరితే భయం లేదు, ఏ మట్టికట్టయినా కొంచెం చెమరుస్తుంది. ఇవి ఎర్రగా వస్తున్నాయి. అంటే లోపలి మట్టి కొట్టుకొస్తా ఉందన్నమాట. ఇరిగేషన్ ఆఫీసుకు ఫోన్ చేస్తే, అది ప్రైవేటు కట్ట, మా కిందికి రాదు అన్నారు. ఓనరు ఫోనే ఎత్తలేదు.

అక్క గేటు దగ్గరికి పోయింది. వాచ్‌మన్ మా వైపోడే, చెడ్డోడేం కాదు.

"గేటు తియ్యప్పా. మొరవ గోడ పగలగొట్టాల."

"ఓనరు చెప్పకుండా తీస్తే నా ఉద్యోగం పోతాదిమ్మా."

"నీ ఇల్లు యాడుండాది?"

"పలమనేరులో."

"అందుకే, నీకు ఉద్యోగం ఒకటే పోతాది."

అతను తాళం తీయలేదు. కానీ అటు తిరిగి నిలబడ్డాడు. అక్క, ఇంకొందరు ఆడోళ్ళు కంచె తెంచి లోపలికి పోయి, గడ్డపారలతో ఆ గోడ పగలగొట్టినారు. మిగులు నీళ్ళు వంకలోకి దారి పట్టినాయి. సాయంత్రానికి మట్టం దిగింది, ఎర్ర ఊట సన్నబడింది. ఇళ్ళు మిగిలినాయి.

తర్వాత ఏమైందో తెలుసా... కేసు పెట్టినారు. మొరవ మూసినోడి మీద కాదు, మా అక్క మీద. చొరబడి ఆస్తి ధ్వంసం చేసిందంట. ఎండాకాలంలో గోడ మళ్ళీ లేచింది, ముందుకంటే ఎత్తుగా. ఈసారి కంచెకు కరెంటు కూడా పెట్టినారు.

"ఆయన ఆస్తి, ఆయనిష్టం" అని కామెంటు రాయబోయే పెద్దమనుషులకు ఒక మాట. కట్ట ఆయనదే, కాదనలేదు. తెగినాక వచ్చే నీళ్ళు ఎవరివి? అవి రిజిస్ట్రేషన్ కాగితం చూసుకుని కంచె దగ్గర ఆగుతాయా?

మొన్న అక్క ఇంటికి పోయినాను. కట్ట దొడ్డి వెనకే ఉంది... దాన్ని ముట్టుకున్న పిల్లోడు ఇప్పుడు ఊళ్ళో ఒక్కడూ లేడు. బొక్కలు ఎన్నున్నాయో, ఎంత లోతు పోయినాయో ఎవరికీ తెలీదు. మబ్బు పట్టినప్పుడల్లా అక్క ఒక్కతే లేచిపోయి, ఊట ఏ రంగులో ఉందో చూసొస్తుంది. తాను వాయిదాకు కోర్టుకు పోయిన రోజు వానొస్తే ఎవరు చూస్తారని ఆమె దిగులు.

మీ ఊరికి పైన కూడా ఇట్లాంటి సొంత కట్ట ఉందా? చిన్నప్పుడు దాన్ని ఎవరు చూసుకునేవాళ్ళు, ఇప్పుడు తాళం ఎవరి దగ్గరుంది... రాయండి. ఊరికే గుండె బొమ్మ పెట్టి పోవద్దు.

మేం అడిగేవి ఇవి:

మొరవకు అడ్డం కట్టిన గోడ వానలకు ముందే తీసెయ్యాల.

కట్ట ఎవరిదైనా సరే, కింద ఇళ్ళుంటే సర్కారు ఇంజినీరు ఏటా వచ్చి చూడాల. చూసింది ఊరికి చెప్పాల.

కంచెకు కరెంటు తీసెయ్యాల. కింద ఊరోళ్ళకు కట్ట మీదికి దారి ఇయ్యాల.

గేటు తాళంచెవి ఇంకొకటి ఊళ్ళో ఉండాల.

రమణమ్మ మీద కేసు ఎత్తెయ్యాల.