తల లేని గిటారు

మార్కాపురంలో రైలెక్కిన ఆ ముప్పయ్యేళ్ల మనిషి నా ఎదుట కూర్చుని సంచిలోంచి గిటారు తీశాడు. దానికి నాలుగే తీగలు. మెడ మీద తల లేదు. నేను లైబ్రరీలో సంగీతం పుస్తకాలన్నీ తిరగేసినవాణ్ణి. తీగలు బిగించే బిరడాలూ, చేసినవాళ్ల పేరూ ఆ తల మీదే ఉంటాయి. దొంగసొత్తని తెలియకుండా కోసేశాడనుకున్నాను.

"తల ఏంజేసినావు?" అన్నాను.

"ఇదేమన్నా కోడా అన్నా, తల తీసి తెచ్చుకోను? బేస్ గిటారు, కరెంటుతో మోగేది. ఇట్లనే చేసినారు. బిరడాలు కింద ఉండాయి, చూడు."

"పుస్తకాల్లో యాడా లేదే. గిద్దలూరులో పోలీసులకు చెప్తా."

అతని నవ్వు ఆగిపోయింది. "వద్దన్నా. సాయంత్రం మా చర్చిలో కూటం. ఇది లేకుంటే పాటకు బలముండదు. ఒకసారి విను."

"కరెంటు లేకుండా ఏం వినపడుతుంది?"

అతను గిటారు మెడ కొసను నా చెవి వెనక ఎముకకు ఆనించి లావు తీగ మీటాడు. రైలు రొదలో బయటికేమీ వినపడలేదు. నాకు మాత్రం దవడ దాకా మోగింది.

గిద్దలూరులో మా కిటికీ పక్కనే కానిస్టేబులు నిలబడి ఉన్నాడు. గిటారు మనిషి దిగి పారిపోకుండా నన్నే చూస్తున్నాడు. నా అనుమానం ఇప్పటికీ తీరలేదు. కానిస్టేబులును పిలిచి, బండి ఎంతసేపు ఆగుతుందని అడిగాను.