తాతగారి బెత్తం

మాది మలేసియాలోని సుంగై పెటాని. నేను తెలుగు ఇంట్లోనే చదువుకున్నదాన్ని. దేవుడి దయవల్ల ఆదివారాలు గుడి హాల్లో పిల్లలకు తెలుగు చెబుతున్నాను. పాత వస్తువులు చూపించి చరిత్ర చెబుదామని ఒకసారి మా తాతగారి వెండి పొన్ను బెత్తం తీసుకెళ్లాను. ఆయన ఇక్కడి రబ్బరు తోటలో గుమాస్తా.

"ఇది ఊతంగా పట్టుకుని తోటంతా తిరిగేవారు" అన్నాను గర్వంగా. పిల్లలు దాన్ని కళ్లకద్దుకున్నారు.

మనవరాలి కోసం వచ్చిన ముసలమ్మ ఒకామె బెత్తాన్ని చూసి ఆగిపోయింది.

"ఊతానికి కాదు టీచరమ్మా. రబ్బరు పాలు తక్కువ తెచ్చిందని దీంతోనే మీ తాత మా అమ్మని కొట్టినాడు. నేను సూసినాను."

"టీచర్, మీ తాత చెడ్డోరా?" అంది మనవరాలు.

పిల్లలందరి ముందే ఆ ముసలమ్మ కాళ్లు పట్టుకున్నాను.

"లెగమ్మా! నువ్వు కొట్టినావా ఏటి?" అంటూ లేపింది.

ఇప్పుడు దీపం పెట్టి తాతగారికి దణ్ణం పెట్టబోతే చేతులు జోడించలేకపోతున్నాను. ఆమెకు మాత్రం రోజూ మనసారా మొక్కుతున్నాను.