అందరి చేతులూ పడ్డ ముఖం

“కొంగు జర ముంగటికి గుంజుకో, వ్యాన్‌ల అందరు మనోళ్లే ఉంటరు.”

“నా మొఖం అంత కానరానిదైతే నువ్వే పో. నేను ఇంట్ల కూసుంట.”

మా ఆయనా నేనూ ఆఖరిసారి మాట్లాడుకున్న మాటలు ఇవి. వీటి తర్వాత ఇంకో మంచి మాట ఏదన్నా అనుకున్నామేమోనని ఎన్నిసార్లు వెతుక్కున్నా నాకు దొరకలేదు. ఆయన చెప్పులు తొడుక్కుని, బాబాయి కొడుకు పెళ్లికని ఎల్బీనగర్ ఫంక్షన్ హాలుకు పోయాడు, భోజనాల బల్ల దగ్గర కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగాడు, దవాఖానకు చేరేలోపే అంతా అయిపోయింది.

ఈ సంగతి ఇన్నేళ్లూ కడుపులోనే పెట్టుకున్నాను, పెట్టుకునే పోదామనుకున్నాను కూడా. నిన్న సాయంత్రం నా మనవరాలు, నా కొడుకు బిడ్డ, దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ నుంచి వస్తూ వస్తూ మందుల షాపులో ఒక ట్యూబు కొనుక్కొచ్చింది. కొన్నాళ్లుగా దాని ముఖం నిండా మొటిమలే, అప్పటినుంచి ఇంట్లో కూడా మాస్కు తీయడం లేదు, అన్నం కూడా గోడవైపు తిరిగి తింటోంది. ఇదేం మందే అని అడిగితే, దోస్తు చెప్పింది నానమ్మా, నాలుగొద్దులల్ల మొఖం నున్నగైతదట అంది. నాకు చదువు రాదు, బస్సు నంబరు పోల్చుకుంటాను, సంతకం గీస్తాను, అంతకుమించి అక్షరం తెలియదు, ట్యూబు మీద ఏం రాసి ఉందో నాకేం తెలుస్తుంది, కానీ ఆ నాలుగు రోజుల మాటతో దాన్ని గుర్తుపట్టాను. పిల్ల చేతిలోంచి గుంజుకుని నా కొంగుకు ముడేసుకున్నాను. అది ఏడ్చింది, నన్ను నానా మాటలూ అంది.

“నీకేమెరుక నానమ్మా? నీకెన్నడన్న మొటిమలు లేసినయా? నీకు లేసినయన్నీ అమ్మవారేనాయె!”

దాని తప్పేం లేదు. నా ముఖం మీది గుంటలు చిన్నప్పుడు అమ్మవారు పోసిన గుర్తులని మా ఆయన చుట్టాలకు చెప్పాడు, చుట్టాలు వాళ్ల పిల్లలకు చెప్పారు, చివరికి నా కన్నకొడుకు కూడా అదే నిజమనుకున్నాడు. మనుషులు చేసింది దేవత మీద నెట్టేస్తే ఎవరికీ నొప్పి ఉండదు కదా. అందుకే పొద్దున దాన్ని కూర్చోబెట్టి ఒక ఒప్పందం చేసుకున్నాను. నేను చెప్పేదంతా రాయి, రాసింది నాకు చదివి వినిపించు, ఆ తర్వాత కూడా ట్యూబు కావాలంటే ముడి విప్పి నేనే ఇస్తానన్నాను. మూతి ముడుచుకుని రాస్తోంది. ఈ మాట కూడా రాస్తోంది.

పెళ్లయి నల్లగొండ దిక్కు పల్లె నుంచి నేను ఇక్కడికి వచ్చినప్పుడు దిల్‌సుఖ్‌నగర్ ఇట్లా లేదు, ఇప్పుడు మెట్రో స్తంభాలు నిలబడ్డ రోడ్డు మీద మధ్యాహ్నం పూట ఇటునుంచి అటు నిమ్మళంగా దాటేవాళ్లం. ఆయన ఆటో నడిపేవాడు. ఒక్క గది కిరాయి ఇల్లు, పక్క గదిలో మా పెద్దాడబిడ్డ కాపురం, నడుమ ఒకటే నల్లా. ఆ నల్లా దగ్గరే నా కష్టాలన్నీ మొదలయ్యాయి, ఎందుకంటే వచ్చిన కొన్నాళ్లకే నా చెంపల మీద ఎర్రగా గింజలు లేచాయి, నీళ్లకు వచ్చిన ప్రతి ఆడమనిషీ బిందె దించి నా గదవ పట్టుకుని ముఖం వెలుతురుకు తిప్పి చూసేది. నా ఈడు వాళ్లకు ఇది బాగా తెలుసు, మనకు ఒక పొక్కు లేచిందంటే అది మన ఒక్కరిదిగా ఉండేదా, వాడకట్టు మొత్తానికీ దాని మీద హక్కు ఉండేది. ఒంట్లో వేడి అన్నది ఒకామె, మొగుని మీద మనసు అని నవ్వింది ఇంకొకామె. మా అత్త పచ్చి పొక్కుల మీద నిమ్మకాయ చెక్క పెట్టి రుద్దేది. ఎదురింట్లో గుంటూరు నుంచి వచ్చినావిడ, పాపం మంచిదే, పళ్లు తోముకునే పేస్టు తెచ్చి, మా అమ్మాయికి ఇదే రాశానండీ, తెల్లారేసరికి ఎండిపోయాయి అంటూ తనే పూసేది. మా ఆడబిడ్డ అయితే జడలోంచి పిన్ను తీసి దాని మొనతో నొక్కేది, నేను అబ్బా అంటే ఊరుకునేది కాదు.

“ఏం పిల్లవే నువ్వు! గింజ బయటికొస్తెనే పోతది. గింత ఓర్చుకోనిదానివి రేపు కానుపెట్ల జేసుకుంటవే?”

అందరూ నవ్వేవారు. నేనూ నవ్వాను, ఏం చేస్తాం, కొత్త కోడలిని.

ఆ ట్యూబు తెచ్చింది కూడా ఆడబిడ్డే. వాళ్లాయనకు ఎండలో చెమటకు గజ్జల్లో తామర లేస్తే మందుల షాపు అతను ఇచ్చాడట, మూడు పూటలు రాస్తే దురద పోవడమే కాదు, అక్కడి చర్మం తెల్లబడిందట. తామరకు పని చేసింది మొటిమకు చెయ్యదా అని ఆమె లెక్క, ఆ లెక్క అందరికీ బాగానే తోచింది. నిజంగానే నాలుగు రోజుల్లో నా ముఖం నున్నగా అయింది, తర్వాత తెల్లగా కూడా అయింది. మా ఆయన సంబరం చూడాలి. ఆటో వెనక సీటులో నన్ను కూర్చోబెట్టుకుని సినిమాకు తీసుకుపోయాడు, స్టాండులో తోటి డ్రైవర్లకు నా భార్య అని చూపించాడు, మిర్చి బజ్జీలు తినిపించాడు. నా మీద ఎంత ప్రేమ అనుకున్నాను. అది ట్యూబు మీది ప్రేమ అని తెలియడానికి ఎన్నాళ్లో పట్టలేదు.

ముందు ఎండ తగిలితే మండేది, తర్వాత పొయ్యి సెగ తగిలినా మండేది. చర్మం ఉల్లిపొరలాగా పలచబడి కింద సన్నని ఎర్ర నరాలు కనిపించేవి, గదవ మీద మొగవాళ్లకు లేచినట్టు వెంట్రుకలు లేచాయి. ఒక్క పూట రాయకపోతే అంతకుముందు లేనన్ని పొక్కులు, పెద్దవి, చీము పట్టినవి, అందుకని మళ్లీ రాసేదాన్ని. కొన్నాళ్లకు రాసినా పని చేయలేదు, అయినా మానేస్తే ఇంకా ఎక్కువవుతాయన్న భయంతో రాస్తూనే ఉన్నాను. పొక్కులు ఎండినచోటల్లా గుంటలు మిగిలాయి, పక్కన కొత్తవి లేచేవి. అప్పుడు మొదలుపెట్టాడు ఆయన, కొంగు ముంగటికి గుంజుకో అని. కొట్టలేదు, తిట్టలేదు, అన్యాయంగా చెప్పకూడదు, తాగుడు కూడా లేదు. కానీ ఎవరింటికి పోయినా గుమ్మం ముందు ఆ ఒక్క మాట అనేవాడు. తిట్టు ఒకనాటికి మరుస్తాం, ఆ మాట నాకు రోజూ ఉండేది.

ఆయన పోయిన రోజు కబురు తెలిసి ఎట్లా ఉన్నదాన్ని అట్లాగే పరిగెత్తాను. కొంగు ఎక్కడుందో కూడా ఎరుక లేదు. ఏ చుట్టాల కళ్లబడకూడదని ఆయన ఇన్నేళ్లు దాచాడో ఆ చుట్టాలందరి నడుమా నా ముఖం పగటి వెలుగులో బయటపడి ఉంది, ఒక్కరైనా దాన్ని పట్టించుకోలేదు. ఇంతేనా, దీనికోసమేనా అనిపించింది. శవం పక్కన కూర్చుని ఆ మాట అనుకున్నానంటే వినేవాళ్లు నన్ను ఏమనుకుంటారో నాకు తెలియదు.

పదో రోజున ఆడవాళ్లు చుట్టూ చేరి, ఇదే ఆఖరు పసుపు అని ముఖానికి పూశారు. మనలో ఆ రివాజు ఎట్లుంటుందో వేరే చెప్పనక్కరలేదు. మా ఆడబిడ్డ అందరికన్నా దండిగా, రెండు చేతులతో చెంపలకు, గదవకు, నుదుటికి అదిమి అదిమి పూసింది, అదే వేళ్లతో, ఒకప్పుడు పిన్ను పట్టుకున్న వేళ్లతో. పలచబడ్డ చర్మం, పచ్చి పొక్కులు, నిప్పులు కుమ్మరించినట్టు మండిపోయింది. నేను కెవ్వున ఏడ్చాను. మొగుని కోసం ఎంత ఏడుస్తుందో చూడండి అని ముసలమ్మలు కళ్లు తుడుచుకున్నారు. నా కడుపులో ఏ ఏడుపు దేనికోసమో విడదీసి చెప్పలేకపోయాను, ఇప్పటికీ చెప్పలేను.

కొడుకును సాకాలి కాబట్టి దిల్‌సుఖ్‌నగర్‌లో ఆడపిల్లల హాస్టల్లో వంటకు కుదిరాను. ఊళ్ల నుంచి చదువుకోవడానికి వచ్చిన పిల్లలు, సగం మందికి ముఖాల మీద మొటిమలే, పరీక్షలు దగ్గరికొచ్చేకొద్దీ ఇంకా లేచేవి. రొట్టెలు కాల్చేటప్పుడు సెగకు నేను ముఖం తిప్పుకోవడం చూసి వాళ్లలో ఒక పిల్ల, సెలవు రోజున నన్ను బలవంతంగా పెద్ద దవాఖానకు తీసుకుపోయింది. చర్మం చూసే డాక్టరమ్మ నా ముఖాన్ని ముట్టుకోలేదు, ముందు కూర్చోమంది, నేను రోజూ రాసుకునే ట్యూబు తీసుకుని చూసింది, ఆ తర్వాత అడిగింది.

“ఇన్నేండ్లు ఇది పెట్టుకోమని నీకు ఎవరు చెప్పిన్రమ్మా?”

“అందరు చెప్పిన్రు మేడం.”

“మరి నీ మొఖాన్ని జర ఎవరన్న ఇడిచిపెట్టుడు ఉన్నదా లేదా?”

ఆ మాటకు నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ట్యూబు ఒక్కసారే ఆపితే ముఖం ఎదురు తిరుగుతుందని మెల్లమెల్లగా మాన్పించింది. మిగతాదంతా ఎంత చిన్న పనో వింటే నా మీద నాకే జాలేసింది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, ఘాటు లేని సబ్బుతో మామూలు నీళ్లతో కడుక్కోవడం, రుద్దకుండా పాత నూలు గుడ్డతో అద్దుకోవడం. తలకు రాసిన నూనె నుదుటి మీదికి జారకుండా చూసుకోవడం. దిండు గలీబు తరచూ ఉతుక్కోవడం, మా ఇంట్లో ఆయన నూనె తలా నా చెంపా ఒకే దిండు మీద ఉండేవి, ఎవరికి తెలుసు అదీ ఒక కారణమని. గోళ్లు దగ్గరికి రానీయకపోవడం. డాక్టరమ్మ రాసిన మందు ఆమె చెప్పినంతే పెట్టుకోవడం, నాలుగు రోజుల్లో కాదు, నెలలు పడుతుందని ఓపిక పట్టడం. మంట పోయింది. ఎరుపు చాలావరకు పోయింది. గుంటలు మాత్రం పోలేదు, కొంగు ముంగటికి గుంజుకునే చేతి అలవాటు కూడా పోలేదు, గుంజుకోమనే మనిషి లేకున్నా.

మా ఆడబిడ్డ ఇప్పుడు తుర్కయంజాల్‌లో కొడుకు దగ్గర ఉంటుంది, కళ్లు కనిపించవు. మొన్న పోతే నా ముఖం చేతులతో తడిమి, ఏమే, అమ్మవారు నిన్ను మస్తు ఆగం జేసిందే అంది. ఆమె కూడా మరిచిపోయింది. నేను గుర్తు చేయలేదు, గుర్తు చేస్తే మాత్రం నాకేం తిరిగొస్తుంది.

నల్లా దగ్గర బిందెలు పోయాయి, గుంటూరావిడ నాగోల్‌లో అపార్ట్‌మెంట్ కొనుక్కుని పోయింది, నేను సినిమా చూసిన చోట ఇప్పుడు ఏదో బట్టల దుకాణం ఉంది. ఈ కాలం పిల్లలు చదువుకున్నారు, వీళ్ల గదవ పట్టుకుని ముఖం వెలుతురుకు తిప్పేవాళ్లు లేరు కదా, మేలే జరిగిందనుకునేదాన్ని. లేదు, ఆ వాడకట్టంతా వచ్చి దీని చేతిలో ఫోనులో కూర్చుంది, పగలూ రాత్రీ చూస్తోంది, ఏది పూయాలో అదే చెబుతోంది, నాలుగొద్దుల మాట కూడా మారలేదు. మా రోజుల్లో తలుపు వేసుకుంటే కాసేపైనా ఎవరూ చూసేవారు కాదు. దీనికి ఆ తలుపు కూడా లేదు, అందుకే పాపం మూతికి గుడ్డ కట్టుకుంది. నాకైతే మొగుడు కప్పుకోమని చెప్పాడు, దీనికి ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది.

బిడ్డా, నేను చెప్పేది అయిపోయింది. ట్యూబు నా కొంగుకే ఉంది, మాట తప్పను. ఇగ మొదటికెల్లి చదువు, ఒక్క మాట ఇడువకుండ చదువు. గా మాస్కు తీసి చదువు, గుడ్డ అడ్డముంటె నాకు సరిగ్గ ఇనవడది.